స్టార్టయితే చాలదు బిడ్డా

బిడ్డా,

కొట్టంలో గోనెపట్టాల కింద ఏళ్లతరబడి పడి ఉన్న తాత జావా బండిని బయటికి లాగావని, దాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తానని పట్టుబట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. పాత ఇనుము కొనేవాళ్లు మన చిట్గుప్ప గల్లీల్లోకి వచ్చినప్పుడల్లా ఆ బండిని అడిగేవాళ్లు. మీ నాయన ఏనాడూ ఇవ్వలేదు. ఇన్నేళ్లు దాచిన దానికి నీ చేతిలో న్యాయం జరగాలని నా కోరిక. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. బండి స్టార్టవడం వేరు, బాగవడం వేరు. కొత్త ప్లగ్గు పెట్టి, కాస్త పెట్రోలు పోసి, నలుగురు దోస్తులు వెనక నుంచి తోస్తే ఎంత పాత బండైనా ఒక్కోసారి ఫట్‌ఫట్‌మని లేస్తుంది. వీడియోలు తీస్తారు, ఈలలు వేస్తారు. వారం తిరక్కముందే ఇంజను పట్టేస్తుంది. బండి మళ్లీ కొట్టానికి పోతుంది, ఈసారి ఎవరూ బయటికి తీయరు. హుమ్నాబాద్ దాకా పోయి, సంతలో పని చూసుకుని, ఎండలో నిలబెట్టిన బండి రెండో కిక్కుకే లేచి, బ్రేకు పడాల్సిన చోట పడి, చీకటి పడకముందే ఇంటికి చేరితే అది బాగైన బండి. నీకు కావాల్సింది అది. దానికి ఒక ఎండాకాలం పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. పట్టనీ. చాలాకాలం మంచాన పడి లేచినవాడికి మొదటిరోజే విందు పెట్టరు, గంజితో మొదలుపెడతారు. ఈ పనీ అంతే.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకో. అది మన కర్ణాటకలోనే పుట్టిన బండి. చెకోస్లొవేకియా జావా కంపెనీ నమూనాతో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చేసింది. రుస్తుం ఇరానీ, ఫర్రోఖ్ ఇరానీ 1960లో ఆ కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాది నుంచి బండ్లు రావడం మొదలైంది. 1973 ప్రాంతంలో జావా పేరు పోయి ఎజ్డీ పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మన టాంకీ మీద జావా అనే ఉంది కాబట్టి దాని వయసు యాభై దాటిందని లెక్క. 2018లో మళ్లీ జావా పేరుతో కొత్త బండ్లు వచ్చాయి గానీ, అవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు, నీళ్లతో చల్లబడేవి. వాటి సామాన్లు మన బండికి పనికిరావు. షోరూముకు పోయి అడిగి నిరాశపడకు.

మనది 250 సీసీ టూ స్ట్రోక్. ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే: లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. ఇంకో విశేషం, గేర్ రాడ్డు కదిలినప్పుడు క్లచ్ తనంతట తానే విడుతుంది. ఆ ఏర్పాటు సరిగ్గా కూర్చుంటే ఎంత హాయో, తప్పితే గేర్లు అంత గరగరమంటాయి. ఈ ఇంజన్‌కు వేరే ఆయిల్ పంపు లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కు, క్రాంకుకు ప్రాణం. ఈ ముక్క మనసులో నాటుకో. నేను కింద చెప్పే జాగ్రత్తల్లో సగం దీంట్లోంచి వచ్చినవే.

మొట్టమొదటి మాట: కిక్ కొట్టొద్దు. ఎవరు కొట్టబోయినా ఆపు. ఇన్నేళ్లు నిలిచిన సిలిండర్‌లో తుప్పు పొర ఉండొచ్చు, రింగులు పిస్టన్ గాడుల్లో అతుక్కుని ఉండొచ్చు. ఆ స్థితిలో ఒక్క గట్టి కిక్కు రింగును విరిచేస్తుంది, విరిగిన ముక్క సిలిండరు గోడంతా గీకుతుంది. ముందు ఒక నోటు పుస్తకం కొను. బండిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్. ప్రతి వైరు, ప్రతి కేబులు ఎటు నుంచి ఎటు పోయిందో తియ్. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి అంటించు. మళ్లీ బిగించే రోజున ఆ చీటీలే నీకు దిక్కు.

తర్వాత సైలెన్సర్లు, గాలి ఫిల్టరు విప్పు. కొట్టంలో నిలిచిన బండి సైలెన్సర్‌లో కందిరీగలు మట్టిగూళ్లు కట్టి ఉంటాయి, ఫిల్టర్‌లో ఎలుకలు పీచూ గుడ్డపేలికలూ చేర్చి ఉంటాయి. అవన్నీ శుభ్రంగా తీసెయ్. ఇప్పుడు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి టూ స్ట్రోక్ ఆయిల్‌లో కాస్త డీజిలు కలిపి కొద్దిగా పోయ్. రెండు మూడు రోజులు అలాగే వదిలెయ్. ఆ తర్వాత టాప్ గేర్‌లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపు. ఇంజను కదిలితే మంచిది. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి, మళ్లీ ఆగు. కిక్ రాడ్డు మీదికెక్కి తొక్కితే లోపలి పళ్లు విరుగుతాయి. సుత్తి దగ్గరికి రానీయకు. అప్పటికీ కదలకపోతే హెడ్డు విప్పి కళ్లతో చూడు.

ఇంజను కదిలినా హెడ్డూ సిలిండరూ ఒకసారి దించి చూడమనే నా సలహా. ఇలా దాచిన బండ్లలో తేమంతా కిందికి చేరి క్రాంక్ బేరింగుల మీద కూర్చుంటుంది. పైన పిస్టన్ మెరుస్తున్నా కింద రోలర్లకు తుప్పు చుక్కలు పడి ఉండొచ్చు. కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడు. ఆ దిశలో ఏ మాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కాస్త కదిలితే పరవాలేదు. పైకీ కిందికీ టక్కుమంటే క్రాంకును ఊడదీసి కొత్త రాడ్డు కిట్టు వేయించాల్సిందే. ఆ పని మామూలు షాపులో కాదు, క్రాంకును మళ్లీ కూర్చి, తిరగేసి, ఒక్క వెంట్రుకవాసి వంకర లేకుండా సరిచేయగల లేత్ మిస్త్రీ దగ్గర జరగాలి. సిలిండరు అరిగి ఉంటే బోరు చేయించి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేయించు. పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ షాపుకు పట్టుకెళ్లి, దాని కొలతకే బోరు చేయించు. ముందు బోరు చేయించి తర్వాత పిస్టన్ వెతికితే సందు ఎక్కువో తక్కువో అవుతుంది.

ఇక ఆయిల్ సీళ్లు. ఇన్నేళ్ల తర్వాత ఇంజను ప్రాణం తీసేవి ఎక్కువగా ఇవే, కానీ బయటికి కనబడవు కాబట్టి అందరూ వదిలేస్తారు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు గది గాలి చొరకుండా ఉండాలి, ఎందుకంటే పెట్రోలూ ఆయిలూ గాలీ కలిసిన మిశ్రమం ముందు అక్కడికే వస్తుంది. క్రాంకు రెండు చివర్లా ఉన్న రబ్బరు సీళ్లు ఏళ్లకేళ్లు ఎండి గట్టిపడి పెదవి విప్పుతాయి. డైనమో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. పెట్రోలు పాలు తగ్గి, దాంతోపాటు ఆయిలు పాలూ తగ్గి, ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్‌బాక్సు ఆయిల్‌ను లోపలికి పీల్చి, గల్లీ అంతా తెల్లటి పొగ నింపుతుంది. సీళ్లు బాగున్నాయా లేదా అని ఆలోచించకు. ఇన్నేళ్లు నిలిచిన బండికి రెండూ మార్చడమే. బేరింగులు మారుస్తుంటే పాతదాని అంచు మీద చెక్కిన నంబరు రాసుకో. అవి ప్రామాణిక సైజులు కాబట్టి ఆ నంబరు చెబితే మంచి కంపెనీ బేరింగు ఏ పెద్ద ఊళ్లోనైనా దొరుకుతుంది. మిగతా సామాన్ల కోసం హైదరాబాద్ పుత్లీబౌలి, బెంగళూరు జె.సి. రోడ్డు తిరగాల్సి రావచ్చు. పోయేటప్పుడు పాత ముక్క చేతిలో పట్టుకునిపో. నోటి మాటగా అడిగితే దగ్గరగా ఉన్నదేదో ఇస్తారు, అది కూర్చోదు.

టాంకీ సంగతి. మూత తీసి వాసన చూడు. పాత వార్నిష్ లాంటి వాసన వస్తే లోపలి పెట్రోలు చచ్చి జిగురై ఉంటుంది. అదంతా పారబోసి, లోపల గుండ్రటి గులకరాళ్లో సన్నటి గొలుసు ముక్కో వేసి, డీజిలు పోసి బాగా కుదుపు. తుప్పు రాలుతుంది. ఆ తర్వాత డీజిలు జిడ్డు పోయేలా సబ్బునీళ్లతో కడిగి, సిర్కా (వెనిగర్) నింపి ఒకట్రెండు రోజులు ఉంచు. దాన్ని పారబోశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కాస్త ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి అంతటా తిప్పు. తడిగా వదిలితే ఒక్క రాత్రిలో మళ్లీ తుప్పు పడుతుంది. ఇంకొక్క మాట, గట్టిగా చెబుతున్నా: టాంకీకి చిల్లి ఉందని ఖాళీ టాంకీని వెల్డింగ్ షాపుకు ఇవ్వకు. ఖాళీ అనుకున్న టాంకీలో మిగిలిన పెట్రోలు ఆవిరికి నిప్పు తగిలితే బాంబులా పేలుతుంది. అలాంటి టాంకీని ఎలా కడగాలో తెలిసిన పనివాడు తప్ప ఎవరూ ముట్టకూడదు.

కార్బొరేటర్ విప్పినప్పుడు జెట్లలో తీగ పెట్టి పొడవకు. అవి మెత్తటి ఇత్తడివి. రంధ్రం వెంట్రుకంత పెరిగినా కొలత పోతుంది. ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చెయ్. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడు. లోపల చప్పుడైతే దానికి చిల్లి ఉన్నట్టు. వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు కనబడుతుంది. పెట్రోలు కుళాయి వాషర్లు మార్చు, పైపులు మార్చు. కుళాయి తెరిచి సీసాలో పట్టి చూస్తే ధార ఆగకుండా రావాలి. సన్నగా చుక్కలు చుక్కలుగా వస్తే బండి కొంత దూరం పోయి, పోయిన ప్రతిసారీ అక్కడే ఆగిపోతుంది. జనం ఇంజను విప్పేస్తారు, తప్పు కుళాయిలో ఉంటుంది.

పెట్రోలు మీద నీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తాత పోయించిన పెట్రోలు ఇప్పుడు లేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. మన బీదర్ జిల్లా చెరుకు పండే నేల. చెరుకు నుంచి ఇథనాల్ తీస్తే రైతు బాగుపడతాడు, దానికి మనం సంతోషించాలి. కానీ ఈ బండిని చేసినవాళ్లు ఆ పెట్రోలును ఊహించలేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ నీరు చేరితే పెట్రోలు పైన, నీళ్లూ ఇథనాలూ కింద వేరుపడతాయి. కిందిది టాంకీని తినేస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి ఇథనాల్ తట్టుకునే పైపులూ వాషర్లే కొను. టాంకీలో పెట్రోలు నెలలకొద్దీ నిలవ ఉంచకు. రెండు వారాలు తీయవనుకుంటే కుళాయి మూసి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ అయి ఇంజను తనంతట తాను ఆగేదాకా తిప్పు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. అవసరమైతే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాలి. ఆ సంగతి ప్లగ్గు చెబుతుంది: కాఫీరంగులో ఉంటే సరిపోయింది, తెల్లగా కాలి ఉంటే పెట్రోలు చాలడం లేదు, నల్లగా జిడ్డుగా ఉంటే ఎక్కువైంది.

ఆయిల్ కొలత లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. మంచి టూ స్ట్రోక్ ఆయిల్ వాడు. కొలత సీసాతో పోసి, వేరే క్యాన్‌లో పెట్రోలుతో కలిపి బాగా కుదిపి, ఆ తర్వాతే టాంకీలో పోయ్. టాంకీలో నేరుగా పోస్తే ఆయిల్ అడుగున చేరి, మొదట పొగా తర్వాత ఎండిన ఇంజనూ మిగులుతాయి. "ఇంకాస్త పోస్తే ఇంజన్‌కు మంచిదే కదా" అని ఎవరైనా అంటే వినకు. ఆయిల్ పెరిగిన కొద్దీ అదే జెట్టులోంచి పోయే పెట్రోలు తగ్గుతుంది, ఇంజను వేడెక్కుతుంది. కొలత అంటే కొలతే.

కరెంటు పని తేలిక, ఓపికగా చేస్తే. అది 6 వోల్టుల బండి. బ్యాటరీ సరిగ్గా లేకపోతే స్పార్కు బలంగా రాదు, కాబట్టి కొత్త బ్యాటరీతో మొదలుపెట్టు. పాయింట్లు శుభ్రం చేసి, ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటరు సందు పెట్టు. ప్లగ్గు సందు 0.6. కండెన్సరు మార్చెయ్. టైమింగును కంటిచూపుతో పెట్టకు, పిస్టన్ పైకొచ్చే దూరాన్ని గేజ్‌తో కొలిచి, నీ మోడల్ పుస్తకంలో ఉన్న అంకెకే పెట్టు. పాత వైర్ల తొడుగు చేత్తో నలిపితే పొడి రాలుతుంటే ఆ తీగంతా మార్చు, మధ్యలో టేపు చుట్టి మురిసిపోకు. నీ దోస్తులు 12 వోల్టులకు మార్చమంటారు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమంటారు. తర్వాత కావాలంటే చూద్దాం. ముందు ఉన్నది ఉన్నట్టుగా నడిపించి చూడు. అసలు ఏర్పాటు సరిగ్గా ఉంటే ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాన్ని మార్చేస్తే, రేపు చిక్కు వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో నీకూ తెలియదు, మిస్త్రీకీ తెలియదు.

ఇంజను లేచేముందే బ్రేకులు పూర్తి కావాలి. ఇది నా ఆజ్ఞ అనుకో. అందరూ ముందు ఇంజను వెంట పడి, అది లేచిన ఉత్సాహంలో బ్రేకుల్లేకుండానే రోడ్డెక్కుతారు. రెండు చక్రాలూ దించి చూడు. పాత లైనర్లు జిగురు వదిలి ఊడివస్తాయి, పరుగులో ఊడితే చక్రం బిగుసుకుంటుంది. కొత్త లైనర్లు వేయించు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకు, గాలి కొట్టకు. తడిగుడ్డతో తుడిచి పారెయ్. టైర్లు ఎంత బాగా కనబడినా మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కొత్తవి కొనేటప్పుడు అది చూసి కొను. ట్యూబులూ, రిమ్ము లోపలి పట్టీ, తుప్పుపట్టిన స్పోకులూ కూడా మార్చు. హ్యాండిలును మెల్లగా అటూ ఇటూ తిప్పు. నడుమన ఎక్కడో టక్కున ఆగినట్టుంటే లోపలి బేరింగు గాడుల్లో గుంటలు పడ్డట్టు. కేబుళ్లన్నీ కొత్తవి వెయ్. గేర్‌బాక్సు ఆయిల్ మార్చి, అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడదీయించు, గేర్ రాడ్డుతో క్లచ్ విడిచే సర్దుబాటును పుస్తకం ప్రకారం పెట్టించు.

స్టార్టు చేసే రోజున బండిని ఆరుబయటికి తీసుకురా. మూసిన కొట్టంలో ఇంజను తిప్పితే ఆ పొగలోని విషవాయువు మనిషిని తెలియకుండానే పడేస్తుంది. బకెట్టు ఇసుక దగ్గర పెట్టుకో. పిల్లల్ని దూరంగా నిలబెట్టు. కాలికి బూట్లు వేసుకో, కిక్కు ఎదురు తన్నిందంటే పిక్క ఎముక విరుగుతుంది. లేచాక గట్టిగా రేసు చేయకు. కాసేపు తిప్పి ఆపు. పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ సమంగా బిగించు, ఎక్కడైనా కారుతోందేమో చూడు. ఏం కారినా ఎంత చిన్నదైనా, అది సరిచేసేదాకా రోడ్డెక్కకు.

రోడ్డెక్కిన తర్వాత మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బండిని అలవాటు చెయ్యాలి. మొదట ఊరి చుట్టూ, తర్వాత పొలాల దారుల్లో, ఆ తర్వాతే హుమ్నాబాద్ దారి. మన్నాఎఖెళ్లి దగ్గర హైదరాబాద్–ముంబై హైవే ఎక్కాలన్న మోజు ఇప్పుడే వద్దు. లారీల వేగానికి మన బండి సాటి రాదు, 6 వోల్టుల దీపం వెనకవాళ్లకు సరిగ్గా కనబడదు. చీకటి పడేలోగా ఇల్లు చేరు. పెద్ద దిగుడులో థ్రాటిల్ పూర్తిగా మూసి గేర్‌లో దొర్లనివ్వకు. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగుతుంది. మధ్యమధ్య కాస్త థ్రాటిల్ ఇస్తూ ఉండు. బండి హఠాత్తుగా బలం తగ్గి, చప్పుడు బిగిసినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టి పక్కకు తీసి ఆపు. పూర్తిగా చల్లారేదాకా నీడలో కూర్చో. ఆ క్షణంలో చూపిన ఓర్పు ఇంజను ఖర్చంతా మిగులుస్తుంది. హెల్మెట్ లేకుండా ఒక్క గల్లీ కూడా దాటకు.

కాగితాల సంగతి వాయిదా వేయకు. 1956 నవంబరు 1 దాకా మన బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోదే. రాష్ట్రాలు విడిపోయాక కూడా మనవాళ్లు కొనుగోళ్లకు హైదరాబాదే పోయేవాళ్లు. అందుకే ఈ ప్రాంతపు పాత బండ్లు కొన్నిటికి అటువైపు నంబర్లు ఉంటాయి. మన ఆర్‌సీ వెతికి తీసి ఏ ఆఫీసుదో చూడు. వేరే రాష్ట్రానిదైతే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవాలి. బండి ఇంకా తాత పేరు మీదే ఉంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది, దానికి మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితాలు కావాలి. మామూలు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత బండి చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం పురాతన వాహనాల కోసం వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము రూ. 20,000, గడువు పదేళ్లు. కానీ అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. నీకు ఆదివారాలు పొలానికి పోయి రావాలనుంటే మామూలు పొడిగింపే మేలు. ఏ దారి అనేది మీ నాయనతో మాట్లాడి తేల్చుకో. ఏదైనా సరే, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కించకు. రోడ్డు మీద నువ్వొక్కడివే ఉండవు.

మెరుగు గురించి ఒక మాట. రంగు వేయించాలని, క్రోమియం కొత్తగా పూయించాలని నీకు ఆత్రంగా ఉంటుంది. ఆగు. తాత తొడలు ఆని టాంకీ మీద అరిగిన రంగు, ఆయన చేతులతో వేసిన గీతలు ఒకసారి పోతే తిరిగి రావు. తుప్పు తినే చోట ఆపు, మిగతాది కడిగి మైనం పట్టించు చాలు. ఆ డబ్బు బేరింగుల మీద, టైర్ల మీద పెట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివరికి దాచాను. మంచి మిస్త్రీని వెతుక్కో, దొరికాక వదలకు. 1996లో ఫ్యాక్టరీ మూతపడే నాటికి ఈ బండ్ల మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్లు ఇవాళ అరవైకి అటూ ఇటూ ఉన్నారు. హుమ్నాబాద్‌లో, బీదర్‌లో, జహీరాబాద్‌లో ఎక్కడో ఒక చిన్న షాపులో కొత్త బండ్లకు ఆయిల్ మారుస్తూ కూర్చుని ఉంటారు. జావా అనగానే వాళ్ల ముఖం వెలుగుతుంది. ఇంజను చప్పుడు విని ఏ సందు ఎంత పెరిగిందో చెప్పగల చెవులు వాళ్లవి. ఆ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. బండిని వాళ్ల షాపులో వదిలి వచ్చేయకు. పక్కన కూర్చో, పానా అందించు, చాయ్ తెప్పించు, అడుగు, చెప్పింది నోటు పుస్తకంలో రాసుకో. కూలి దగ్గర బేరమాడకు. ఆయన తొందరపడడం లేదని విసుక్కోకు, తొందరపడనందుకే ఆయన మంచి పనివాడయ్యాడు. ఆయన్ను పేరు పెట్టి పిలవకు, ఉస్తాద్ అను. ప్రతి జులై రెండో ఆదివారం జావా, ఎజ్డీ ఇష్టపడేవాళ్లు ఊరూరా కలుస్తారు. బెంగళూరుకో హైదరాబాద్‌కో పోయి వాళ్లతో పరిచయం చేసుకో. ఎవరి దగ్గర ఏ సామాను మిగిలిందో, ఏ ఊళ్లో ఏ చెయ్యి మంచిదో అక్కడే తెలుస్తుంది. నీ దగ్గర అదనంగా ఉన్నది అడిగినవాడికి ఇవ్వు. ఫ్యాక్టరీ లేని బండి ఇన్నేళ్లు బతికింది అలా ఇచ్చిపుచ్చుకున్న మనుషుల వల్లే.

ఈ పని చేస్తూ నీకు కొన్నిసార్లు విసుగొస్తుంది. ఒక సామాను కోసం నెలలు ఎదురుచూస్తావు, వచ్చింది కూర్చోదు. నీ ఈడు పిల్లలు కొత్త బండ్ల మీద దూసుకుపోతుంటారు. అప్పుడు నోటు పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదువుకో, ఎంత నేర్చుకున్నావో నీకే తెలుస్తుంది. చేత్తో ఒక యంత్రాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నవాడు రేపు ఏ పని పట్టుకున్నా కంగారుపడడు. తొందరకూ శ్రద్ధకూ తేడా నీకు ఈ బండి నేర్పుతుంది. చదువులోనూ, ఉద్యోగంలోనూ, ఇంట్లోనూ నీకు అక్కరకొచ్చేది అదే. నాకు బండి బాగుపడడం ఎంత ముఖ్యమో, దాన్ని బాగుచేస్తూ నువ్వు అలా తయారవడం అంతకన్నా ముఖ్యం.

కాబట్టి ఈ ఆదివారం మూడే పనులు చెయ్. పుస్తకం కొను, ఫొటోలు తియ్, ప్లగ్గు విప్పి ఆయిల్ పోయ్. నాలుగో పని చెయ్యాలనిపించినా చెయ్యకు. వచ్చే వారం చక్రం తిప్పి చూసి, ఇంజను కదిలిందో లేదో నాకు ఫోన్ చెయ్. కదిలినా కదలకపోయినా, తర్వాత ఏం చేయాలో కలిసి మాట్లాడుకుందాం. డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా అడుగు, ఇది మన అందరి బండి. నీకు నా ఆశీస్సులు. ఓపిక నీ చేతుల్లో ఎప్పుడూ ఉండాలి.

నీ పెద్దనాయన